రాయి కాదు మామయ్యా

ఫిబ్రవరి 9

మామయ్యకి,

ఫోను మోగని చోట ఉద్యోగం ఒప్పుకున్నందుకు నిన్ను తిట్టుకుంటూనే కాగితం ముందు కూర్చున్నాను. మీ దీవికి పడవ ఎప్పుడొస్తుందో, ఈ ఉత్తరం నీ చేతికి ఎప్పుడు అందుతుందో ఆ సముద్రానికే తెలియాలి.

ఇక్కడ మా ఈతకొలనులో నీళ్ళు వేడిచేసే బాయిలరు మళ్ళీ మొండికేసింది. పొద్దున క్లాసుకి వచ్చే పెద్దవాళ్ళందరూ మెట్ల మీద నిలబడి, బొటనవేలు ముంచి, నా వైపు కోపంగా చూసి వెనక్కి తీసుకుంటున్నారు. రిటైరైన టీచరుగారు ఒకావిడ "ఈత నేర్పుతానన్నావు కానీ ఐసుగడ్డని చేస్తానని చెప్పలేదే అమ్మాయీ" అన్నారు. అందరూ నవ్వారు కానీ ఒక్కరూ దిగలేదు. చివరికి నేనే ముందు దూకాల్సొచ్చింది. ఇంకా పళ్ళు టకటకలాడుతున్నాయి.

ఇంకో సంగతి. పోయిన వారం తడి టైల్స్ మీద జారిపడ్డాను. నవ్వకు. పిల్లల్ని రోజూ "పరిగెత్తొద్దు" అని గొంతు చించుకునేదాన్ని నేనే పరిగెత్తి పడ్డాను. ఎడమ డొక్క కమిలిపోయింది. పక్కటెముక విరిగిందేమోనని మా మేనేజరు దగ్గరుండి ఆసుపత్రికి పంపించాడు. ఎముకలన్నీ లక్షణంగా ఉన్నాయి. కానీ స్కాన్‌లో ఎడమ కిడ్నీలో ఏదో కనిపించిందట. ఇంకో స్కాన్ తీసి చూసి, అవసరమైతే తీసేస్తామన్నారు. పెద్ద విషయమేం కాదులే. నువ్వు కంగారుపడి సముద్రంలో దూకొద్దు.

అత్తయ్య మొన్న వచ్చి వెళ్ళింది. నువ్వు సెలవులో వచ్చేసరికి నీకు రెండు చొక్కాలు కుట్టి ఉంచుతుందట. కొలత పాతదే పెట్టనా, పొట్ట కలపనా అని అడగమంది.

నీ
కప్పపిల్ల

*

ఫిబ్రవరి 21

కప్పపిల్లకి,

నాలుగేళ్ళప్పుడు నీళ్ళ తొట్టిలో కూర్చుని బయటికి రానని భీష్మించుకున్న రోజునే నీకీ పేరు ఖాయమైంది. అలాంటి కప్ప టైల్స్ మీద జారిపడిందంటే మన వంశానికే అప్రతిష్ఠ.

ఇక్కడ గాలి వాన గురించి ఏం చెప్పను. వాతావరణ కేంద్రంలో పనిచేసేవాడిని వాతావరణం ఎలా ఉందని అడగడం మిఠాయి కొట్టువాడిని తీపి తింటావా అని అడగడమే. పొద్దునే బెలూన్లో గ్యాసు నింపి, కింద యంత్రం కట్టి వదిలాను. పైకి పోవాల్సింది పక్కకి పోయి మా వంటగది కిటికీకి కొట్టుకుంది. లోపల రొట్టె కాలుస్తున్న పెద్దాయన గరిటె పట్టుకుని యుద్ధానికి బయటికొచ్చాడు. ఈ దీవి మీద ఉన్నది మేమిద్దరమే. యుద్ధం కూడా మా ఇద్దరికే కుదరాలి కదా.

నీ కిడ్నీ సంగతి పెద్దాయనకి చదివి వినిపించాను. "రాయే! కిడ్నీలో ఇంకేముంటుంది?" అని తేల్చేశాడు. ఆయనకి ఇలాంటిదే వచ్చి, ఓ రోజు పొద్దున సత్తు గిన్నెలో టంగుమని పడిందట. ఆ చప్పుడు ఇప్పటికీ చేసి చూపిస్తాడు. బార్లీ నీళ్ళు కడవల కొద్దీ తాగు. రోజంతా నీళ్ళలోనే ఉంటావు, గుక్కెడు లోపలికి పోనిస్తే నీ సొమ్మేం పోయింది? రాయి పడితే మటుకు పారేయకు. ఉంగరంలో పెట్టించి నీ పెళ్ళికి నేనే చదివిస్తాను.

అత్తయ్యకి చెప్పు, పొట్ట కలపక్కర్లేదు. కొంచెం వదులుగా కుట్టమను, చాలు. రెండూ ఒకటి కాదు.

మీ మామయ్య

*

మార్చి 3

మామయ్యా,

రాయి కాదు. గడ్డ.

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా ఏడ్చాను. తప్పు నీది కాదు, నాదే. తమాషాగా రాస్తే నువ్వు తమాషాగానే చదివావు. ఇప్పుడు సరిగ్గా రాస్తాను, సరిగ్గా చదువు.

నరంలోకి రంగు మందు ఎక్కించి రెండో స్కాన్ తీశారు. ఎడమ కిడ్నీ అంచున నిమ్మకాయంత గడ్డ ఉంది. సర్జన్ ఒకావిడ. కంప్యూటర్ వైపు కాకుండా మన ముఖం వైపు చూస్తూ మాట్లాడుతుంది. ముందు అదే భయమేసింది. "క్యాన్సరా?" అని అడిగాను. "చాలావరకు అదే అయ్యుంటుంది. తీసి పరీక్ష చేస్తేనే ఖాయంగా చెప్పగలను. కానీ ఇంకా కిడ్నీ దాటి బయటికి రాలేదు. మీరు జారిపడటం మీ అదృష్టం" అంది. గడ్డవరకే కోసి మిగతా కిడ్నీని మిగల్చాలని చూస్తారట. కుదరకపోతే మొత్తం తీసేస్తారు.

నాకు నొప్పి లేదు మామయ్యా. అదే వింతగా ఉంది. పొద్దున క్లాసు చెప్పాను, మధ్యాహ్నం కొలను ఈ చివర నుంచి ఆ చివరకి ఈదాను, సాయంత్రం క్యాన్సర్ అన్నారు. ఒకే ఒళ్ళు!

ఇరవై నాలుగేళ్ళకి ఇది అరుదుగా వస్తుందట. ఇంత చిన్న వయసులో వస్తే ఇంట్లో ఇంకెవరికైనా ఉందేమో చూడాలంటున్నారు. "మీ అమ్మగారు ఎలా పోయారు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. అప్పటికి పన్నెండేళ్ళ దాన్ని. "కడుపులో జబ్బు" అన్నారు నాతో, నేనూ అందరితో అదే చెబుతూ వచ్చాను. నాన్న నాకు బుద్ధి తెలియకముందే పోయాడు, ఆయన్ని అడగడానికి లేదు. అమ్మకి అసలేమైంది మామయ్యా? నీకు గుర్తున్నదంతా రాయి.

"అమ్మ తరఫున రక్తసంబంధం ఎవరున్నారు?" అని కూడా అడిగింది. మామయ్య ఒక్కడే, నన్ను పెంచింది కూడా ఆయనే అన్నాను. "అయితే ఆయన్ని వెంటనే పిలిపించండి. రెండు కిడ్నీలూ పరీక్ష చేయించుకోవాలి. మీ ఆపరేషన్‌కి ముందే అయితే మరీ మంచిది" అని గట్టిగా చెప్పింది. నువ్వు ఆసుపత్రి అంటే ఆమడ దూరం పరిగెత్తుతావని తెలుసు. నా కోసం రా.

కప్పపిల్ల

*

మార్చి 14

నా తల్లికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళకి అక్షరాలు ఆనలేదు. పెద్దాయన చదివి పెట్టాడు. ఆ టంగుమనే కథ ఇక జన్మలో చెప్పనన్నాడు. మేమిద్దరం బుద్ధిలేని మాటలు రాశాం. మనసులో పెట్టుకోకు.

అక్క సంగతి అడిగావు. మీ అమ్మ లాండ్రీలో ఇస్త్రీ పని చేసేదని నీకు తెలుసు. హోటళ్ళ దుప్పట్లు కొండలా వచ్చి పడేవి. రోజంతా నిలబడి, వంగి, ఆ బరువు పెట్టె తోసేది. నడుము నొప్పి అంటే ఎవరం పట్టించుకోలేదు. తనూ పట్టించుకోలేదు. "ఇస్త్రీ చేసేదానికి నడుము నొప్పి రాక పంటి నొప్పి వస్తుందిరా?" అనేది. ఒకసారి మూత్రం ఎర్రగా వచ్చిందని నా దగ్గర నోరు జారింది. మళ్ళీ తనే, వేడి దగ్గర పనిచేస్తే అంతేలే అని కొట్టిపారేసింది. తర్వాత చిక్కిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి కడుపులో గడ్డ ఉందని, ఊపిరితిత్తులకి పాకిందని అన్నారు. అది ఎక్కడ మొదలైందో వాళ్ళు చెప్పారో లేదో నాకు గుర్తులేదు. నాకప్పటికి ఇరవై నాలుగు. సరిగ్గా నీ వయసు. గడ్డ అనే మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

ఒకటి మాత్రం బాగా గుర్తుంది. మంచం మీద ఉండి కూడా నర్సు కోటు చూసి "ఈ మడత వేసింది ఎవరమ్మా, కాలరు చూడు ఎలా ఏడుస్తోందో" అంది. ఆ నర్సు మర్నాడు వేరే కోటు తొడుక్కుని వచ్చి చూపించి మరీ మెప్పు తీసుకుంది. చావు పక్కన కూర్చున్నా కాలరు వంకర ఓర్చుకోలేదు మీ అమ్మ.

ఇక రెండో మాట. ఇందులో అడగాల్సింది ఏముంది కప్పపిల్లా? తీసుకో. ఎడమదా, కుడిదా, వాళ్ళకి ఏది నచ్చితే అది. రెండు కిడ్నీలూ పరీక్ష చేయాలన్నప్పుడే నాకర్థమైంది. "నా కోసం రా" అని మొహమాటపడుతూ రాశావు చూడు, అక్కడ నీ చెవి మెలేయాలనిపించింది. సిగరెట్లు సముద్రంలో విసిరేశాను. పొద్దునా సాయంత్రం కొండ మెట్లు ఎక్కి దిగుతున్నాను. ఇచ్చే వస్తువు శుభ్రంగా ఇవ్వాలి కదా. వైర్‌లెస్‌లో ఒక్క నిమిషం అనుమతి తీసుకుని మీ అత్తయ్యకి చెప్పాను. గరగరలోంచి "రెండిట్లో మంచిది చూసి ఇవ్వు" అంది. అదీ నా భార్య.

తుపాను వల్ల పడవ రావడం లేదు. రాగానే మొదట ఈ ఉత్తరం ఎక్కుతుంది. నా బదులు పనిచేసే మనిషి దిగగానే నేను ఎక్కుతాను.

మామయ్య

*

మార్చి 23

మామయ్యా,

నీ దగ్గర నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. తుపాను అని రేడియోలో విన్నాను. అయినా మనసు ఊరుకోదు. స్కాన్ అనేసరికి దడుచుకున్నావా? ఒట్టి యంత్రం కింద పడుకోవడమే కదా, కోయరు, పొడవరు. అమ్మ గురించి అడిగినందుకు బాధపడ్డావా? ఏదో ఒకటి రాయి.

ఏప్రిల్ 6న ఆపరేషన్.

అత్తయ్య వచ్చింది. వచ్చినప్పటి నుంచీ అదోలా ఉంది. ఆసుపత్రిలో చలిగా ఉంటుందని కొత్త దుప్పటి తెచ్చి మంచం మీద పెట్టింది. పెట్టి, నా చెయ్యి పట్టుకుని, "నువ్వేం మొహమాటపడకు. మనిషికి ఒకటి చాలు" అంది.

"అవునత్తయ్యా, నాకు ఒకటి ఉందిగా" అన్నాను.

"ఉంది కానీ అది పాడైపోయిందిగా."

"అంత పాడవలేదు. అంచు దగ్గర కొంచెం, అంతే. అది కత్తిరిస్తే ఇంకా చాలా ఏళ్ళు వస్తుంది."

"ఎందుకమ్మా ఆ బాధ? మీ మామయ్యది తీసుకో. ఆయన మనస్ఫూర్తిగా ఇస్తానన్నాడు."

"అది మామయ్య వాడిందా! మరి కొత్తదానిలా ఉందే?"

అత్తయ్య ఒక్కసారి బావురుమని ఏడ్చింది. "కొత్తదే, కొత్తదానిలాగే ఉంటుంది, సిగరెట్లు కూడా మానేశాడు" అంది. దుప్పటికీ సిగరెట్లకీ ఏం సంబంధమో నాకు అంతుపట్టలేదు. నా మీద బెంగతో మతి చలించిందేమో అనుకుని మంచినీళ్ళు ఇచ్చి పడుకోబెట్టాను. నువ్వొచ్చి మీ ఆవిడని చూసుకో.

కప్పపిల్ల

*

మార్చి 26

మామయ్యా! మామయ్యా!

నీ ఉత్తరం పొద్దున అందింది. నేను, అత్తయ్య ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాం. అత్తయ్య ఇంకా ఆ దుప్పటి వైపు చూసి పకపకమంటోంది.

నాకు ఎవరి కిడ్నీ అక్కర్లేదు. నా ఎడమదాంట్లో సగానికి పైగా మిగులుతుంది. మిగలకపోయినా కుడిది బంగారంలా ఉంది. పరీక్ష చేయించుకోమన్నది నాకు ఇవ్వడానికి కాదు, నీకు ఉందేమో చూడటానికి! ఈ జబ్బు కొన్ని ఇళ్ళల్లో తల్లి నుంచి బిడ్డకి, అలా రక్తంలో దిగుతూ వస్తుందట. అమ్మ గురించి నువ్వు రాసినవన్నీ సర్జన్‌కి చదివి వినిపించాను. మూత్రం ఎర్రగా వచ్చిందన్న చోట ఆవిడ రాసుకోవడం ఆపి నా వైపు చూసింది. "మీ మామయ్యగారు ఎప్పుడొస్తారు?" అంది.

కాలరు సంగతి నాకు తెలియదు. ఇన్నాళ్ళకి అమ్మ గురించి ఒక కొత్త సంగతి విన్నాను. ఈ జబ్బు వల్ల ఒక మంచి కూడా జరిగిందన్నమాట.

నువ్వు అలా వెనకాముందూ చూడకుండా తీసుకో అన్నావు చూడు. దానికి ఏం రాయాలో తెలియడం లేదు. తొందరగా రా.

నీ కప్పపిల్ల

*

మార్చి 29
రేవు పట్నం

కప్పపిల్లా,

నిన్న పడవ దిగాను. దిగినవాణ్ణి తిన్నగా ఇక్కడి ఆసుపత్రికే వెళ్ళాను. పరీక్షలన్నీ ఇక్కడే ముగించుకుని, కాగితాలతో సహా నీ దగ్గరికి వస్తే ఒక పని తగ్గుతుందనుకున్నాను.

కౌంటరు దగ్గర ఒకావిడ "ఏం ఇబ్బంది?" అని అడిగింది.

"ఇబ్బందేం లేదండీ. కిడ్నీ ఇవ్వడానికి వచ్చాను."

"ఎవరికి?"

"మా మేనకోడలికి."

"ఏ వార్డు?"

"ఈ ఊళ్ళో లేదండీ."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "అయ్యా, ఇది పార్సిల్ ఆఫీసు కాదు" అంది.

చివరికి ఒక డాక్టరుగారు నీ ఉత్తరం అడిగి చదివాడు. చదివి నవ్వాడు. నీకు కిడ్నీ అక్కర్లేదని, నన్ను రమ్మన్నది నా కోసమేనని ఆయన చెబితే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. "ఎలాగూ వచ్చారుగా, చూసేద్దాం" అన్నాడు.

స్కాన్ తీసే అబ్బాయి మొదట హుషారుగానే ఉన్నాడు. "ఊపిరి బిగపట్టండి, వదలండి" అంటూ ఎడమవైపు చకచకా చూసేశాడు. కుడివైపుకి వచ్చాక మాట్లాడటం మానేశాడు. అక్కడే మళ్ళీ మళ్ళీ తిప్పాడు. ఆకాశం చూసి వాన చెప్పే ఉద్యోగం నాది. ఆ ముఖం చూసి నాకు తెలియదా?

చిన్నదేనట. వేలి గోరంత. కుడి కిడ్నీలో.

నీకు ఫోను చేద్దామని నంబరు నొక్కి, మోగేలోపే పెట్టేశాను. నీ మాట వినగానే ఏడ్చేస్తానేమో. చేత్తో రాస్తే ఆ ఇబ్బంది లేదు. భయం వేయలేదని చెప్పను. కానీ భయం కంటే ముందు ఇంకోటి వచ్చింది. నీకు అవసరం లేదని తెలిసిన తర్వాత కూడా, "అయ్యో, ఒకవేళ అవసరమైతే ఇక నాది పనికిరాదు కదా" అనిపించింది. పిచ్చివాణ్ణి.

రేపు ఇంకో స్కాన్. అది కాగానే బండెక్కుతాను. ఆపరేషన్ గదిలోకి నువ్వు వెళ్ళే ముందు నా ముఖం చూసే వెళతావు. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే అత్తయ్యకి మెల్లగా చెప్పు.

మామయ్య

*

ఏప్రిల్ 25

మామయ్యా,

దీవికి క్షేమంగా చేరావని వాతావరణ ఆఫీసు వాళ్ళు అత్తయ్యకి ఫోను చేశారు. నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నా తరఫున నర్సులతో పోట్లాడే మనిషి లేడు.

నిన్న కుట్లు చూపించుకున్నాను. గడ్డ క్యాన్సరేనని పరీక్షలో తేలింది. కానీ మొత్తం వచ్చేసింది, అంచుల్లో ఎక్కడా మిగల్లేదు. సగానికి పైగా కిడ్నీ నాతోనే ఉంది. మందులేమీ అక్కర్లేదు, క్రమం తప్పకుండా చూపించుకుంటే చాలన్నారు. ఈ మాట వినగానే అత్తయ్య సర్జన్‌ని కావలించుకుంది. ఆవిడ కోటుకి కొలత తీసుకుంటోందేమో అనుకున్నాను.

ఈ జబ్బు వంశంలో దిగిందేనా అని చూడటానికి మనిద్దరి రక్తం పంపారు కదా, ఆ ఫలితానికి ఇంకా టైము పడుతుంది.

దగ్గితే మటుకు ప్రాణం పోతోంది. తుమ్ము వస్తే దిండు కావలించుకుని కూర్చుంటున్నాను. అందుకని దయచేసి నవ్వొచ్చే ఉత్తరం రాయకు.

కప్పపిల్ల

*

మే 6

తల్లీ,

నవ్వొచ్చే ఉత్తరం కాదులే ఇది.

నువ్వు గండం గట్టెక్కావు. అది చాలు నాకు. నా సంగతి మీ దగ్గర ఎత్తలేకపోయాను. మీ సర్జన్ నా స్కాన్ చూసి ఏమందో నువ్వు విన్నావుగా. "ఇప్పుడేమీ చేయం. చూస్తూ ఉంటాం." అక్క మంచం పక్కన నిలబడి చివరి రోజుల్లో డాక్టరు కూడా అవే మాటలన్నాడు. ఇప్పుడేమీ చేయం, చూస్తూ ఉందాం అని. చేయడానికేమీ లేనప్పుడు పెద్ద చదువులవాళ్ళు అనే మాట అది. నాకర్థమైంది. నువ్వు బాధపడొద్దు.

నా చేతి గడియారం, దూరం చూసే అద్దాలు నీకు. కొత్త చొక్కాలు పెద్దాయనకి ఇప్పించు. ఆయనకి కొంచెం వదులవుతాయి. మీ అత్తయ్యని నీ దగ్గరే ఉంచుకో. తనకి చీకటంటే భయం, చెప్పదు కానీ.

బెలూన్లు మామూలుగానే పైకి వెళుతున్నాయి.

మామయ్య

*

మే 17

మామయ్యా,

నీ గడియారం నాకక్కర్లేదు. అది రోజూ వెనకబడుతుంది, దాని యజమానిలాగే.

నీ ఉత్తరం పట్టుకుని సర్జన్ దగ్గరికి పరిగెత్తాను. పరిగెత్తకూడదు, అయినా పరిగెత్తాను. ఆవిడ చదివి తల పట్టుకుంది. "నా మాటలు నేను జాగ్రత్తగా ఎంచుకోవాల్సింది" అంది. తను చెప్పింది ఒక కాగితం మీద రాయించుకున్నాను, ఇక్కడ దించుతున్నాను: "మీది చాలా చిన్నది. ఇలాంటివి నెమ్మదిగా పెరుగుతాయి, కొన్ని ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. ఇప్పుడే కోస్తే మంచి కిడ్నీని అనవసరంగా పోగొట్టినట్టు. ఆరు నెలలకోసారి కొలుస్తాం. మూడు సెంటీమీటర్లకి దగ్గరపడితే, మీ మేనకోడలికి తీసినట్టే తీసేస్తాం."

విన్నావా? అమ్మతో ఆ మాట అన్నది చేయి దాటిపోయాక. నీతో అన్నది చేతిలో ఉండగా. మాట ఒకటే, రెండిటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. నువ్వు వాన వస్తుందో లేదో రోజూ కొలుస్తావు కదా. కొలవడం అంటే చేతులెత్తేయడమా?

రక్తం ఫలితం కూడా వచ్చింది. మనిద్దరి జన్యువుల్లోనూ ఒకే మార్పు ఉంది. అంటే అమ్మదీ ఇదే. ఇస్త్రీ పెట్టె కాదు, వేడీ కాదు. పుట్టుకతో వచ్చింది. అమ్మ జబ్బు ఏమిటో పన్నెండేళ్ళ తర్వాత తెలిసింది. తనకి చెప్పాలనిపించింది.

ఇవాళ కొలనులోకి దిగాను. ఈతకి ఇంకా అనుమతి లేదు, ఊరికే మెడలోతు నీళ్ళలో నిలబడ్డాను. బట్టలు మార్చుకునేటప్పుడు గాటు చూసి టీచరుగారు "ఏమిటమ్మా ఇది?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ నేరుగా వెళ్ళి చల్లటి నీళ్ళలో దబ్బున దూకేశారు. పైకి తేలి, "నీకు లేని భయం నాకెందుకే!" అని అరిచారు.

నవంబరు మొదటి వారంలో మనిద్దరికీ ఒకే రోజు స్కాన్ రాయించాను. చొక్కాలు నువ్వే వచ్చి తొడుక్కో.

కప్పపిల్ల

*

జూలై 2

కప్పపిల్లా,

నీ ఉత్తరం పెద్దాయన నాకు రోజూ ఒకసారి చదివి వినిపిస్తున్నాడు, మందు పోసినట్టు. గడియారం మళ్ళీ చేతికి పెట్టుకున్నాను. ఆకలి కూడా వేస్తోంది.

కానీ నిన్న వైర్‌లెస్‌లో మీ అత్తయ్య ఒక మాట చెప్పింది. నీకూ చెప్పే ఉంటుంది. పెళ్ళైన ఇన్నేళ్ళకి, ఇక లేదనుకున్నాక. తను నవ్వుతోందో ఏడుస్తోందో ఆ గరగరలో తెలియలేదు. నేను "సంతోషం" అన్నాను. నిమిషం అయిపోయింది.

సంతోషమే. కానీ నిజం నీకు తప్ప ఎవరికి చెప్పను? రాత్రంతా కంటి మీద కునుకు లేదు. ఆ బిడ్డకి నా నుంచి ఇది వెళ్ళడానికి సగానికి సగం అవకాశం ఉందన్నారు కదా. చూస్తూ చూస్తూ కన్నబిడ్డకి ఎవరైనా ఇలాంటిది ఇస్తారా? నీ డొక్క మీద గాటు నేను చూశాను. ఆపరేషన్ తర్వాత నువ్వు మూలిగిన మూలుగు ఇంకా నా చెవుల్లో ఉంది. నేనేం చేయాలి కప్పపిల్లా?

మామయ్య

*

జూలై 13

మామయ్యా,

అత్తయ్య నాకు చెప్పింది. ఏడుపు కాదు, నవ్వే. నేను పక్కనే ఉన్నాను.

నువ్వడిగినదానికి సమాధానం చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే కదా. కాబట్టి విను. అమ్మకి ముందే తెలిసి, నీలాగే ఆలోచించి, వద్దనుకుని ఉంటే నేను లేను. నాకు గాటు పడింది, నిజమే. నొప్పి పుట్టింది. నువ్వొచ్చి కూర్చునేవరకూ చచ్చేంత భయపడ్డాను. అయినా ఎవరైనా వచ్చి "ఇదంతా లేకుండా చేస్తాం, నువ్వే లేకుండా చేస్తాం, ఏమంటావు?" అని అడిగితే ఆ మనిషిని కొలనులోకి తోసేస్తాను. నాకు ఈత కావాలి. పొద్దున ఖాళీ కొలనులో మొదటి మునక కావాలి. నీ పిచ్చి ఉత్తరాలు కావాలి.

సర్జన్‌ని అడిగాను. బిడ్డ పెద్దయ్యాక రక్తం పరీక్ష చేస్తే తెలుస్తుంది. లేకపోతే సరే. ఉంటే ముందు నుంచే చూస్తారు. నాకు అదృష్టవశాత్తూ కాలు జారింది. ఆ బిడ్డకి జారక్కర్లేదు. ఇంట్లో నువ్వున్నావు, నేనున్నాను.

అమ్మ గురించి రాశావు, గడ్డ అనగానే నీ చెవులు మూసుకుపోయాయని. ఇప్పుడు మూసుకోకు. మళ్ళీ వైర్‌లెస్ దొరికితే అత్తయ్యతో "సంతోషం" అని సరిగ్గా చెప్పు. మొదటిసారి చెప్పింది తనకి నచ్చలేదు. తనే నాతో అంది.

నీ కప్పపిల్ల

*

జనవరి 8

కప్పపిల్లకి,

ఫోనులో అన్నీ విన్నావు. ఆడపిల్లని, మూడు కిలోలని, తల్లీ బిడ్డా బాగున్నారని. రేపే బండెక్కి వస్తానన్నావు కూడా. అయినా రాస్తున్నాను. మన ఇంట్లో జరిగిన ముఖ్యమైన సంగతులన్నీ కాగితం మీదే జరిగాయి, దీన్ని మాత్రం ఎందుకు వదలాలి?

నవంబరులో కొలిచినప్పుడు నాది వెంట్రుకవాసి కూడా పెరగలేదన్నారు గుర్తుందా? అప్పుడు నువ్వు ఆసుపత్రి వరండాలో నన్ను గిర్రున తిప్పావు. అంతకంటే పెద్ద సంతోషం ఉండదనుకున్నాను. ఉంటుందట.

నర్సు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఎలా పట్టుకోవాలో తెలియక బెలూన్ యంత్రం పట్టుకున్నట్టు పట్టుకున్నాను. పైకి వదిలేయకండి అంది మీ అత్తయ్య మంచం మీద నుంచే. ముక్కు మీ అమ్మది. అచ్చం అక్క ముక్కే. ఒక చెయ్యి బయటికి తీసి నా కాలరు పట్టుకుని లాగింది.

నేను దాని ముఖంలోకే చూస్తూ ఉన్నాను. దీనికి కూడా ఉందో లేదో అన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. సరిగ్గా అప్పుడే వెచ్చగా ఏదో తగిలింది. మెడ కింద నుంచి పొట్ట దాకా. చాలాసేపు తగులుతూనే ఉంది. నర్సు "అయ్యో, కొత్త చొక్కా!" అని తీసుకోబోయింది. నేను ఇవ్వలేదు. "ఉండనివ్వండమ్మా. రెండు కిడ్నీలూ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి" అన్నాను. మీ అత్తయ్య కుట్లు పట్టుకుని నవ్వింది.

ఆ చొక్కాతోనే కూర్చుని ఇది రాస్తున్నాను. మార్చుకోబుద్ధి కాలేదు.

మామయ్య